పాత పెట్రోలు జీపుకు డీజిలు ఇంజనా? బానెట్ ఎత్తేముందు ఆర్.సి. తెరవండి

మీ కొట్టంలో పాత పెట్రోలు జీపు ఒకటి ఉందనుకుందాం. మీ నాయన మిలిటరీ వేలంలో కొన్నది కావచ్చు, సెకండ్ హ్యాండులో వచ్చిన మహీంద్రా కావచ్చు. బాడీ గట్టిగానే ఉంటుంది. ఫోర్ వీల్ పడితే ఎంత బురదైనా దాటుతుంది. వచ్చిన చిక్కల్లా తాగుడుతోనే. లీటరు పెట్రోలుకు ఆరో ఏడో కిలోమీటర్లు. తోటలోకి నాలుగు ఎరువు బస్తాలు వేసుకెళ్లి వస్తే జేబు ఖాళీ. అప్పుడు ఎవరో ఒకరు సలహా ఇస్తారు: సికింద్రాబాద్ తీసుకెళ్లి డీజిలు ఇంజను ఎక్కించెయ్, పీడ పోతుంది అని.

ఆ సలహా ఒకప్పుడు మంచిదే. ఇప్పుడు మాత్రం విని ఊరుకోకుండా లెక్క చూసుకోవాలి. ఇంజను పట్టించడం మెకానిక్‌కు పెద్ద కష్టం కాదు. ఆ బండి కాగితాల్లో పట్టడమే కష్టం. ఈ సంగతి తెలియక డబ్బు పోసి, తర్వాత ఆర్.టి.ఓ. ఆఫీసు మెట్ల దగ్గర కూర్చునే పరిస్థితి తెచ్చుకోవద్దు.

లష్కర్‌లో ఈ పని ఎలా పెరిగింది?

సికింద్రాబాద్ పుట్టిందే దండు కోసం. 1806లో నిజాం సికిందర్ జా పేరుమీద ఊరికి ఆ పేరు వచ్చింది. పాతవాళ్లు ఇప్పటికీ లష్కర్ అంటారు. తిరుమలగిరి వైపు సైన్యానికి చెందిన ఇ.ఎం.ఇ. కేంద్రం, కాలేజీ ఉన్నాయి. సైన్యం బండ్లు, ఆయుధాలు, యంత్రాలు బాగుచేసే విభాగం అది. దండు ఉన్నచోట బండ్లు, బండ్లున్నచోట మెకానిక్కులు, మెకానిక్కులున్నచోట సామాన్ల దుకాణాలు. ప్యారడైజ్ నుంచి ఎం.జి.రోడ్డు మీద టాంకుబండు వైపు వస్తుంటే తగిలే రాణిగంజ్ సంగతి రైతులకు కొత్తగా చెప్పక్కర్లేదు. మోటారు, పంపుసెట్టు, బేరింగు, బెల్టు, పైపు ఏది కావాలన్నా మేడ్చల్, శామీర్‌పేట, గజ్వేల్ వైపు నుంచి బస్సెక్కి అక్కడికే వెళ్లేవాళ్లం.

1980, 90 దశకాల్లో పెట్రోలు జీపును డీజిలు చేయించడం మామూలు పని. కారణం ధర. అప్పట్లో డీజిలు ధర పెట్రోలు ధరలో సగానికి అటూ ఇటూగా ఉండేది. పైగా డీజిలు బండి లీటరుకు మూడు నాలుగు కిలోమీటర్లు ఎక్కువ నడిచేది. రెండూ కలిసి కిలోమీటరు ఖర్చు మూడో వంతుకు పడిపోయేది. తోటకాయ మార్కెట్‌కు వేసేవాళ్లకు ఒకటి రెండేళ్లలోనే ఇంజను ఖర్చు తిరిగొచ్చేది.

ఏ జీపులో ఏ ఇంజను?

మహీంద్రా సి.జె.3బి జీపుల్లో వచ్చిన పెట్రోలు ఇంజను పేరు హరికేన్. నాలుగు సిలిండర్లు, 2199 సి.సి. అమెరికా విల్లీస్ కంపెనీ ఇంజను అది. పొడుగైన ఆ ఇంజను పట్టడం కోసమే ఈ జీపు బానెట్ అంత ఎత్తుగా ఉంటుంది. రెండో ప్రపంచయుద్ధం నాటి జీపులకు బానెట్ పొట్టి. డీజిలు ఇంజను ఎక్కించేటప్పుడు ఎత్తు బానెట్ కలిసొస్తుంది. పొట్టి బానెట్ అయితే రేకు కోయాల్సి వస్తుంది.

తర్వాత మహీంద్రా వాళ్లే డీజిలు జీపులు తెచ్చారు. ఒకటి ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వంశం నుంచి వచ్చిన డి.ఐ. ఇంజను. మీలో చాలామందికి తెలిసిన బి-275 ట్రాక్టరుకు ఇది చుట్టం. అందుకే ఊళ్లో ట్రాక్టరు మెకానిక్ కూడా దీన్ని విప్పడానికి జంకడు. రెండోది ఫ్రాన్స్ పెజో కంపెనీ లైసెన్సుతో చేసిన ఎక్స్.డి.పి. 4.90. ఇది 2112 సి.సి. 1980ల మధ్యలో వచ్చిన ఎం.ఎం.540 జీపులో ఉన్నది ఇదే. డి.ఐ. నెమ్మదిగా తిరిగి బరువు లాగుతుంది. పెజో చుట్లు ఎక్కువ తిరుగుతుంది, రోడ్డు మీద చురుకు. చలికాలం పొద్దున పెజోకు హీటరు ప్లగ్గులు కాగాలి. డి.ఐ.కి ఆ బాధ లేదు.

మిలిటరీ వేలంలో వచ్చే జోంగా సంగతి వేరు. జబల్‌పూర్‌లో 1969 నుంచి 1999 వరకు తయారైన ఈ బండిలో నిస్సాన్ ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను, దాదాపు నాలుగు లీటర్లది. బలం ఏనుగంత, తిండీ ఏనుగంతే. 1990లలో పౌరులకు అమ్మడానికి చేసిన కొద్ది జోంగాల్లో ఫ్యాక్టరీవాళ్లే హినో డీజిలు ఇంజను పెట్టారంటే పెట్రోలు ఖర్చు ఎంతటిదో ఊహించుకోండి.

ఇంజనుతో పని అయిపోదు

పెట్రోలు ఇంజనులో ప్లగ్గు నిప్పురవ్వ ఇస్తే మంట పుడుతుంది. డీజిలులో ప్లగ్గుండదు. గాలిని బాగా నొక్కితే అది కాగిపోయి, నాజిల్ నుంచి పడ్డ డీజిలు దానంతట అదే మండుతుంది. పాత జీపు పెట్రోలు ఇంజను గాలిని సుమారు ఏడో వంతుకు నొక్కితే, డీజిలు ఇంజను పదహారు నుంచి ఇరవై రెండో వంతుకు నొక్కుతుంది. ఆ ఒత్తిడి తట్టుకోవడానికి బ్లాకు, హెడ్డు, క్రాంకు అన్నీ దళసరిగా ఉంటాయి. అందుకే బరువెక్కువ, దడ ఎక్కువ, తక్కువ చుట్ల మీదే లాగుడు ఎక్కువ. డిస్ట్రిబ్యూటరు, కాయిలు ఉండవు కాబట్టి వాగు దాటేటప్పుడు తడిసి ఆగిపోయే బాధ తప్పుతుంది. రైతుకు ఇది నిజంగా లాభమే.

మిగతావన్నీ దీన్నిబట్టే మారాలి. ముందు కమాన్ పట్టీలు. ముందుభాగంలో బరువు పెరుగుతుంది కనుక అదనంగా ఒక పట్టీ వెయ్యకపోతే జీపు ముక్కు వంచుతుంది, స్టీరింగు బరువెక్కుతుంది. ఆయిల్ చాంబరు కింద ముందు హౌసింగు ఉంటుంది. షెడ్డులో నిలబెట్టి చూస్తే రెండింటికీ మధ్య వేలు దూరినట్టే ఉంటుంది. పొలం గట్టెక్కినప్పుడు హౌసింగు పైకి లేచి చాంబరుకు కొడుతుంది. చాంబరు పగిలి ఆయిలంతా కారిపోయినా డ్రైవరుకు వెంటనే తెలియదు. ఇంజను పట్టేసిన తర్వాతే తెలుస్తుంది. కాబట్టి జాకీతో ముందు చక్రాన్ని పూర్తిగా పైకి లేపించి, సందు ఎంత మిగిలిందో మీ కళ్లతో చూసుకోవాలి.

గేర్ బాక్సు దగ్గర అసలు పనితనం బయటపడుతుంది. ఇంజను క్రాంకు, గేర్ బాక్సు షాఫ్టు ఒకే గీతలో ఉండాలి. డీజిలు జీపు నుంచి ఇంజను, బెల్ హౌసింగు, క్లచ్చు, గేర్ బాక్సు మొత్తం సెట్టుగా దించితే ఈ గొడవ లేదు. ఇంజను ఒకచోట, బాక్సు మరోచోట కొని మధ్యలో ఇనుప ప్లేటు కోసి బిగిస్తే మాత్రం వెంట్రుకవాసి తేడా వచ్చినా బేరింగు అరుస్తుంది, షాఫ్టు పళ్లు తింటుంది, క్లచ్ ప్లేటు నెలల్లో పోతుంది. ప్లేటును లేతు మీద సెంటరు తీయించారా, గ్యాస్ కట్టరుతో కోశారా అని అడగండి. కట్టరు అన్నారంటే అక్కడినుంచి లేచి వచ్చెయ్యండి.

వేగం సంగతి కూడా ముందే తెలిసి ఉండాలి. సి.జె.3బి హౌసింగులో క్రౌన్ పినియన్ లెక్క 5.38. అంటే టాప్ గేరులో చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇంజను అయిదున్నర చుట్లు తిరగాలి. 16 అంగుళాల మామూలు జీపు టైరుతో ఇంజను 3000 చుట్లు తిరిగితే గంటకు దాదాపు 75 కిలోమీటర్లు. పెట్రోలు ఇంజను ఇంకో వెయ్యి చుట్లు సులువుగా తిరుగుతుంది కాబట్టి తేడా తెలియలేదు. డి.ఐ. ఇంజనును అలా తరిమితే గుల్లవుతుంది. పొలం పనికి ఈ లెక్క సరిపోతుంది, హైవే మీద లారీలు హారను కొడతాయి. ట్రాక్టరు ఇంజనే దించి జీపులో పెడదాం అనేవాళ్లూ ఉన్నారు. దాని గవర్నరు రెండు వేల చుట్ల దగ్గరే ఆపేస్తుంది. యాభై దాటదు.

చిన్నవే అనిపించినా విసిగించేవి మరికొన్ని ఉన్నాయి. పాత జీపు వైపరు ఇంజను పీల్చే గాలితో నడుస్తుంది. డీజిలులో ఆ పీల్పు ఉండదు కాబట్టి వైపరు ఆగిపోతుంది. కరెంటు వైపరు పెట్టించాలి. తాళం తీస్తే డీజిలు ఇంజను ఆగదు, స్టాప్ కేబులు లాగాలి. సెల్ఫ్ మోటారుకు పెద్ద బ్యాటరీ, లావు వైర్లు, చాసిస్‌కు గట్టి ఎర్తు కావాలి. రేడియేటరు పాతదే ఉంచితే ఎండాకాలం ట్రాలీ కట్టినప్పుడు నీళ్లు మరుగుతాయి.

ట్యాంకు దగ్గర జాగ్రత్త

ఈ ఒక్క విషయం మరీ గట్టిగా చెప్పాలి. సి.జె.3బి పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది. డీజిలు చేస్తే నాజిళ్ల దగ్గర మిగిలిన నూనె వెనక్కి రావడానికి ట్యాంకుకు ఇంకో పైపు పెట్టాలి. దానికోసం పాత ట్యాంకుకు వెల్డింగు పెట్టిస్తారు. ఖాళీ పెట్రోలు ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం. లోపల మిగిలిన ఆవిరి గాలితో కలిసి బాంబులా పేలుతుంది. వారం రోజులు ఎండలో పెట్టాం, వాసన కూడా లేదు అంటే నమ్మొద్దు. రేకుల మడతల్లో, తుప్పులో పెట్రోలు ఉండిపోతుంది, వేడి తగలగానే ఆవిరవుతుంది. పాత ట్యాంకు పక్కన పడేసి కొత్తది చేయించండి, లేదా డీజిలు జీపు ట్యాంకే కొనండి. దీనికి అయ్యే డబ్బు ప్రాణం ముందు లెక్కలోది కాదు.

ట్యాంకు నుంచి పంపు దాకా నీళ్లు పట్టే ఫిల్టరు తప్పనిసరి. డీజిలు పంపుకు డీజిలే కందెన. పెట్రోలు కలిసినా, నీళ్లు కలిసినా లోపలి భాగాలు గీసుకుపోతాయి. పంపు బాగుచేయించడం ఎంత ఖర్చో ట్రాక్టరున్న ఇంట్లో ఎవరిని అడిగినా చెబుతారు.

చట్టం ఏమంటోంది?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. దానిలో 52వ సెక్షను బండిలో మార్పుల గురించి. మొదట్లో ఆర్.టి.ఓ.కు ముందుగా నోటీసిచ్చి, అనుమతి తీసుకుని ఇంజను మార్చుకోవచ్చు. బ్రేకు ఇన్‌స్పెక్టరు చూసి ఆర్.సి.లో డీజిలు అని ఎక్కించేవాడు. పాత రోజుల్లో మార్పించుకున్న చాలామందికి అలాగే జరిగింది.

2000లో ఆ సెక్షను మార్చారు. కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు, ఆర్.సి.లోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదన్నది ఇప్పటి నియమం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో ఇదే మాటను ఖాయం చేసింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో శిక్ష కూడా చేర్చారు. అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ.

ఒక వెసులుబాటు ఉంది. సి.ఎన్.జి., ఎల్.పి.జి., బ్యాటరీ వంటి వేరే ఇంధనంతో నడిచేలా కిట్టు బిగించుకోవడానికి, నిబంధనలకు లోబడి, చట్టం ఒప్పుకుంటుంది. కానీ పెట్రోలు ఇంజను మొత్తం దించేసి వేరే డీజిలు ఇంజను ఎక్కించడం కిట్టు బిగించడం కాదు. షెడ్డువాడు చూసుకుందాంలే, మనవాడున్నాడు అంటే ఆ మాట మీద డబ్బు పెట్టకండి. మీ ఆర్.టి.ఓ.కు దరఖాస్తు రాసిచ్చి, జవాబు కాగితం మీద తీసుకోండి. కాగితం రాకపోతే ఇంజను కొనొద్దు.

రోడ్డెక్కించం, మా పొలంలోనే తిప్పుకుంటాం అని కొందరంటారు. 39వ సెక్షను ప్రకారం పబ్లిక్ స్థలంలోనే కాదు, మరే ఇతర స్థలంలో నడపాలన్నా బండికి రిజిస్ట్రేషను ఉండాలి. పైగా పొలం నుంచి పొలానికి వెళ్లాలంటే మధ్యలో డాంబరు రోడ్డు దాటాల్సిందే కదా.

దొరికిపోయేది ఎక్కడంటే రెన్యువల్ దగ్గర. సొంత బండికి పదిహేనేళ్లు నిండాక ప్రతి అయిదేళ్లకు రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కారు, జీపులకు ఆ ఫీజు 5,000 రూపాయలు చేశారు. ఇరవై ఏళ్లు దాటినవాటికి తర్వాత ఇంకా పెంచారు. అప్పుడు చాసిస్ నెంబరు, ఇంజను నెంబరు రెండూ చూస్తారు. ఆర్.సి.లో పెట్రోలు అని ఉండి బానెట్ కింద డీజిలు దడదడమంటుంటే మీరేం చెప్పినా నడవదు.

ఇంతకన్నా పెద్ద భయం ఇన్సూరెన్సు. కూలీలను ఎక్కించుకుని వస్తుంటే బండి బోల్తా పడిందనుకోండి. పాలసీ పెట్రోలు బండికి, పడింది డీజిలు బండి. కంపెనీ వకీలు ముందుగా పట్టుకునేది దాన్నే. పరిహారం మీ మీద పడితే ఎకరమో రెండెకరాలో అమ్మాల్సి రావచ్చు. మన రైతుల్లో ఈ ఆలోచన చేసేవాళ్లు చాలా తక్కువ.

లెక్క వేసుకోండి

సరే, అనుమతి వచ్చిందనే అనుకుందాం. లాభం ఎంత? పెట్రోలు ధర మీద ప్రభుత్వ అదుపు 2010లో, డీజిలు మీద 2014లో తీసేశారు. పాత తేడా కరిగిపోయింది. 2024 మార్చి తర్వాత ఆ ఏడాది హైదరాబాద్‌లో పెట్రోలు 107 రూపాయల చిల్లర, డీజిలు 95 రూపాయల చిల్లర ఉండేవి. మీ జీపు పెట్రోలుకు 7, డీజిలుకు 11 కిలోమీటర్లు ఇస్తుందని వేసుకుందాం. ఏడాదికి 5,000 కిలోమీటర్లు తిరిగితే పెట్రోలుకు దాదాపు 76 వేలు, డీజిలుకు 43 వేల పైచిలుకు. మిగిలేది 33 వేలు. సెట్టు, పనికూలి, ట్యాంకు, బ్యాటరీ, రేడియేటరు అన్నీ కలిపి లక్షన్నర అయ్యిందనుకుంటే తిరిగిరావడానికి నాలుగున్నరేళ్లు. చాలామంది ఇళ్లలో పాత జీపు ఏడాదికి 1,500 కిలోమీటర్లు తిరిగితే ఎక్కువ. అప్పుడు పదిహేనేళ్లు పడుతుంది! అప్పటిదాకా జీపుంటుందా, మనముంటామా?

నా మటుకు నాకు తోచేదేమిటంటే, తక్కువ తిరిగే జీపుకు పెట్రోలు ఇంజనే బాగుచేయించుకోవడం మేలు. కార్బొరేటరు శుభ్రం, టైమింగు, వాల్వులు కూర్చోబెట్టడం, బోరు పోయి ఉంటే లైనరు, పిస్టను సెట్టు. దీంతోనే లీటరుకు ఒక కిలోమీటరు పెరిగితే ఆశ్చర్యం లేదు. ఎక్కువ తిరిగేవాళ్లు కంపెనీయే డీజిలుతో చేసిన పాత జీపు, కాగితాలు సరిగ్గా ఉన్నది చూసి కొనుక్కోవడం మంచిది. వేలంలో కొన్న మిలిటరీ బండైతే ఫారం 21 సేల్ సర్టిఫికెట్ అసలు ప్రతి చేతికి రాకుండా డబ్బు కట్టొద్దు.

ఆర్.సి.లో డీజిలు అని ఉన్నవాళ్లకు

మీ బండి ఆర్.సి.లో ఇప్పటికే డీజిలు అని ఉండి, ఇంజను పాడై అదే రకం మరో ఇంజను వెయ్యాల్సి వస్తే దారి ఉంది. దానికీ ఆర్.టి.ఓ. అనుమతి ముందే తీసుకుని, కొత్త నెంబరు ఆర్.సి.లో ఎక్కించుకోవాలి. ఇంజను అమ్మినవాడి బిల్లు, అది దిగిన బండి ఆర్.సి. రద్దయిన కాగితం నకలు అడగండి. నెంబరు రుద్ది మళ్లీ కొట్టినట్టు కనిపిస్తే దాని జోలికి పోవద్దు. దొంగబండి ఇంజనైతే పోలీసులు వచ్చేది మీ ఇంటికే.

కొనేముందు ఇంజను నడిపించి చూపించమనండి. మీరు వెళ్లేసరికే వేడిగా ఉంటే చల్లారేదాకా కూర్చోండి. చల్లటి ఇంజను ఎన్ని తిప్పులకు స్టార్టవుతుందో అదే దాని ఆరోగ్యం. ఆయిలు పోసే మూత తీసి చూడండి. పొగ బుసబుసా వస్తుంటే రింగులు అరిగినట్టు. సైలెన్సరు నుంచి నీలిపొగ అంటే ఆయిలు కాలుతోంది. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే నాజిళ్లో, కంప్రెషనో పోయినట్టు. రేడియేటరు మూత దగ్గర బుడగలు తేలుతుంటే హెడ్డు గాస్కెట్ దగ్గర తప్పుంది. డిప్ స్టిక్ మీద ఆయిలు పాలు కలిపిన చాయలా ఉంటే నీళ్లు దిగినట్టే. ఇంజను పావుగంట నడిచాక, బాగా వేడి మీద, ఆయిల్ ప్రెషర్ ముల్లు ఎక్కడుందో చూడండి. చల్లటప్పుడు ఏ ఇంజనైనా ప్రెషర్ చూపిస్తుంది.

వెళ్లేటప్పుడు మీ ఊరి ట్రాక్టరు మెకానిక్‌ను వెంటబెట్టుకెళ్లండి. బస్సు చార్జీ, మధ్యాహ్నం భోజనం, ఒకరోజు కూలి మీదే. బేరం అయ్యాక గేర్ బాక్సు మౌంటింగులు, స్టాప్ కేబులు, సెల్ఫ్ మోటారు, డైనమో బ్రాకెట్ ఇంజనుతోపాటే ఇస్తున్నాడని బిల్లులో రాయించండి. ఇవి విడిగా వెతకడానికి మళ్లీ రాణిగంజ్ వెళ్తే ఒక్కొక్కదానికి ఒక్కో రోజు పోతుంది.